గరివిడి రాయి, మన్యపు కొండలు

ఒక నల్లని బరువైన రాతిని తెచ్చి మన పట్టణములలోని యే పఠనాలయపు బల్లమీద నుంచినను, చుట్టు జేరిన పదిమందిలో నొకరు దానిని ఇనుపరాయి యందురు, మరియొకరు మాంగనీసనుదురు, మూడవవారు దాని వెల యెంత యని యడుగుదురు. అది యే కొండ మొగమునుండి వచ్చినది, దాని పొడి యే రంగుది, సూదంటురాతికి లోబడునా లోబడదా యని యడుగువారు మాత్రము అరుదు. విశాఖపట్టణమునకును, విజయనగరమునకును, పార్వతీపురమునకును వెనుకగా తూర్పుకనుమలు గోడవలె నిలిచియున్నవి. ఉదయము లేచి కిటికీ తెరచినచో వానినే చూతుము. వానిలో నేమున్నదో మనకు తెలియదు. తెలిసినవారు వచ్చి చెప్పి, చేతికందినది సంచిలో వేసికొని వెళ్లినపిమ్మట, మనవద్ద మిగిలినది గోతులు మాత్రమే యైన చరిత్ర మనకు కలదు.

ఈ మాట ఇప్పుడు చెప్పుటకు కారణము కలదు. 2023వ సంవత్సరమున భారత ప్రభుత్వము ముప్పది ఖనిజములను దేశమునకు కీలకములని ప్రకటించినది. 2025 జనవరిలో వానికొఱకు ప్రత్యేకముగా నొక జాతీయ కార్యక్రమమును మంజూరు చేసినది. ఆ ముప్పదింటిలో గ్రాఫైటు కలదు, టంగ్‌స్టన్ కలదు, అరుదైన మృత్తికా ధాతువులు కలవు. తూర్పుకనుమల రాళ్లలో గ్రాఫైటు రేకులు సామాన్యముగా కనబడును. పూర్వపు తూర్పుగోదావరి జిల్లా కొండలలో బూరుగుబండ చెంత టంగ్‌స్టన్‌నిచ్చు వుల్ఫ్రమైటును శాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు. కావున కొండలెక్కు సుత్తెల సంఖ్య యిక తగ్గదు. ఆ సుత్తె యెవరి చేతిలో నుండును, సంచి మోయువాడెవడు, రాతికి పేరు పెట్టువాడెవడు అన్నదే ప్రశ్న. దీనికి సమాధానము చెప్పుటకు ముందు కొండదిగువను జరిగిన కథ నొకదానిని పాఠకులకు జ్ఞాపకము చేయుచున్నాము.

భారతదేశమున మాంగనీసు త్రవ్వకము మొదట ఆరంభమైనది మన జిల్లాలోనే. నాటి విశాఖపట్టణము జిల్లాలో, నేడు విజయనగరము జిల్లాలోనున్న చీపురుపల్లి, గరివిడి ప్రాంతమున కోడూరు మున్నగు గ్రామములవద్ద ఆ గనులు తెరువబడినవి. 1892లో పైకి వచ్చిన ధాతువు 674 టన్నులు. ఎనిమిదేండ్లు గడచి 1900వ సంవత్సరము వచ్చునప్పటికి దేశపు ఉత్పత్తి తొంబదివేల టన్నులకు మించినది. ఆ తరువాతనే మధ్యపరగణాల గనులు ముందుకు వచ్చినవి. ఉక్కు గట్టిపడుటకు మాంగనీసు కావలయును. ఇంగ్లండునందును ఐరోపాయందును ఉక్కు కొలుములు మండుచుండెను. విశాఖలో నౌకాశ్రయము తెరువబడినది 1933లో గదా! అంతకుముందు మన కూలీలు తట్టలతో మోసి, పడవలలో నింపి, దూరమున లంగరు వేసిన ఓడలకు ఆ రాళ్లను చేర్చుచుండిరి. రాయిగా పోయినది ఉక్కై తిరిగి వచ్చినప్పుడు మనము దానికి ఎంత వెల యిచ్చితిమో లెక్క వేయుట కిది సందర్భము కాదు. మేము చెప్పదలచిన నష్టము వేరు.

భారత భూగర్భ పరిశీలనశాఖకు చెందిన ల్యూయిస్ లీ ఫెర్మరు అను నాంగ్లేయుడు ఈ గనులన్నిటిని తిరిగి చూచి, 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపములపై వేయిపుటలకు మించిన మహాగ్రంథమును ప్రకటించెను. పరదేశి యైనను ఆయన శ్రమను తక్కువ చేయుట న్యాయము కాదు. నేటికిని ఆ గ్రంథమును తెరువక మన మాంగనీసునుగూర్చి మాటలాడుట కష్టము. కోడూరువద్ద కనబడిన యొక వింత రాతికి ఆయన ఆ గ్రామము పేరనే కోడూరైటని నామకరణము చేసెను. అందులోని గోమేధిక జాతికి చెందిన ఖనిజమునకు స్పెస్సార్టైటు, ఆండ్రడైటు అను రెండు పేళ్లను విరిచి, ముక్కలు అతికి, స్పాండైటని పేరుంచెను. మన వైయాకరణులు దానిని ఏ సమాసమందురో తెలియదు. నాగపురము జిల్లా బెల్డోంగ్రివద్దను, మన గరివిడివద్దను దొరకిన యొక లోహకాంతిగల ఖనిజము అంతవరకు తెలిసిన దేనితోను సరిపడకపోగా, దానిని కొత్తదిగా 1908లో ప్రకటించి, తన తోడి యుద్యోగి యగు ఎర్నెస్టు వ్రెడెన్‌బర్గు పేర వ్రెడెన్‌బర్గైటని పిలిచెను.

ఈ వ్రెడెన్‌బర్గైటును గుర్తించు విధమును కొంచెము విపులముగా చెప్పెదము. విసుగనుకొనవలదు. నల్లరాళ్లన్నియు ఒక్కటి కావని తెలియుటకు ఇంతకంటె మంచి పాఠము మాకు కనబడలేదు.

చూపునకు అది ముదురు ఉక్కు రంగున నుండును; కొన్ని ముక్కలలో కంచు ఛాయ తొణికిసలాడును. తాజాగా పగులగొట్టిన మొగము లోహమువలె మెఱయును. ఎండకు వానకు నిలిచిన పైపొరను చూచి తీర్పు చెప్పరాదు. మాంగనీసు ధాతువులన్నియు పైన నల్లని మసిని పూసికొనియే యుండును. చేత పట్టినచో బరువు తెలియును. దారము కట్టి గాలిలో నొకమారు, నీటిలో నొకమారు తూచి లెక్క కట్టినచో సమానపరిమాణముగల నీటికంటె నాలుగు రెట్ల ముప్పాతిక మొదలు అంతకు కొంచెము మించి బరువు తేలును. కత్తిమొనతో గీచిన గీటు పడదు. ఇంతవరకు వచ్చిన లక్షణములు బ్రౌనైటు అను సామాన్యమగు మాంగనీసు ధాతువునకును చాలవరకు వర్తించును. కావున ఇక్కడ నిలిచిపోయినవాడు మోసపోవును.

ఇప్పుడు సూదంటురాయిని తేవలెను. పాడైన లౌడుస్పీకరులోని అయస్కాంతము చాలును. దానిని దారమున వ్రేలాడదీసి రాతికి దగ్గరగా తెచ్చినచో, వ్రెడెన్‌బర్గైటు వైపునకు అది గట్టిగా లాగుకొనబడును. బ్రౌనైటు విషయమున ఆ యాకర్షణ మిక్కిలి స్వల్పము. సిలోమెలేను, పైరోలుసైటు అనునవి లెక్కచేయవు. పైరోలుసైటును చేతితో ముట్టగనే వ్రేళ్లకు మసి యంటును. అది చాలును దాని గుర్తు. సరే, అయస్కాంతమునకు లోబడినది గదా, ఇది ఇనుపధాతువగు మాగ్నెటైటు కారాదా? కావచ్చును. అందుచేతనే పొడి రంగు చూడవలెను. గాజుపూత లేని పింగాణి పెంకుపై రాతిని గీయవలెను. విరిగిన కప్పు అడుగంచునైనను గీయవచ్చును. ఈ ఖనిజము పింగాణికి దీటుగా గట్టిది గనుక గీటు సరిగా రాకపోవచ్చును. అట్లైన చిన్న పలుకును నూరి తెల్లకాగితముపై పఱవవలెను. మాగ్నెటైటు పొడి నల్లన. హెమటైటు పొడి కుంకుమవలె ఎఱ్ఱన. వ్రెడెన్‌బర్గైటు పొడి ముదురు చాకొలెట్టు రంగు. గట్టిగా అయస్కాంతమునకు లోబడి, చాకొలెట్టు పొడి నిచ్చినచో, మనచేతిలోనిది సామాన్యమగు రాయి కాదని యనుకొనవచ్చును.

అనుకొనవచ్చును, అంతే. మాంగనీసు నిజముగా కలదా యని తేల్చుటకు మన కంసాలి దుకాణమునకు పోవలెను. ఐరోపాలోని ఖనిజశాస్త్రజ్ఞులు చిరకాలము నమ్ముకొన్న పరికరములు రెండు: వెలిగారము, ఊదుగొట్టము. ఈ రెండును మన కంసాలి యొద్ద తరతరములుగా నున్నవి. ప్లాటినపు తీగె కొనను వంచి, వేడిచేసి, వెలిగారములో ముంచి కరగించినచో గాజుపూస యేర్పడును. దానికి ఖనిజపు పొడిని ఆవగింజలో పాతికవంతు అంటించి దీపశిఖ వెలుపలి మంటలో మరల కరగింపవలెను. మాంగనీసున్నచో పూస నేరేడుపండు రంగు తిరుగును. లోపలి మంటలో చాలసేపు పట్టినచో ఆ రంగు విడిచిపోవును. పొడి యెక్కువ యైనచో పూస నల్లబడి యేమియు తెలియదు. ఇనుము హెచ్చుగా నున్నచో పసుపు కలిసి రంగు చెడును. రెండు మూడుమార్లు చేసినవానికే చేయి కుదురును. ఇంతచేసినను, తుది నిర్ణయము ప్రయోగశాలదే యని మరువరాదు. ఏ యొక్క గుణమును నమ్మి పేరు పెట్టినవాడు తరువాత సిగ్గుపడును.

ఆ సిగ్గు పండితులకును తప్పలేదు. 1930 తరువాతి దశాబ్దమున వ్రెడెన్‌బర్గైటు ముక్కలను అద్దమువలె మెఱుగుపెట్టి సూక్ష్మదర్శినిలో చూచినవారికి, అది ఒకే ఖనిజము కాదని తేటపడినది. జాకబ్సైటు అను నొక ఖనిజము, హౌస్మనైటు అను మరియొకటి, సన్నని పలకలుగా ఒకదానిలో నొకటి దూరి, మేదరవాని బుట్టవలె అల్లుకొనియున్నవి. భూగర్భమున మిక్కిలి వేడిలో ఒక్కటిగా నున్న పదార్థము మెల్లమెల్లగా చల్లారుచు రెండుగా విడిపోయినదని తేలినది. అయస్కాంతమునకు లోబడు గుణము జాకబ్సైటుది. మన గరివిడి పేర గరివిడైటనియు, దేవడ గ్రామము పేర దేవడైటనియు ఈ యల్లికలకే మరి రెండు పేళ్లు పుట్టినవి. అవియు నిలువలేదు. సితాపరైటను మరియొకదానిని ఫెర్మరు మధ్యపరగణాలలోని సితాపారు గ్రామము పేర ప్రకటింపగా, అది 1897లోనే అమెరికాలో బిక్స్‌బైటను పేర వెలసియున్నదని పిమ్మట తేలినది. నేటి ఖనిజముల పట్టికలో వ్రెడెన్‌బర్గైటు స్వతంత్ర ఖనిజము కాదు. ఒక యల్లికకు వాడుక పేరు మాత్రమే.

దీనికి మనము చింతిల్లనక్కరలేదు. గ్రామము పేరు పట్టికలో నుండుట యొక గౌరవమే, కాని సత్యము తెలియుట అంతకంటె గొప్ప గౌరవము. మాకు చింత కలిగించునది మరియొకటి. పేరు పెట్టినప్పుడును, పేరు తీసినప్పుడును, ఆ రాతిని నేలనుండి పైకెత్తిన కూలివానికిగాని, ఆ గనులకు నాలుగుకోసుల దూరమున బడి చదివిన పిల్లవానికిగాని సంగతి తెలియలేదు. మచ్చుముక్కలు కలకత్తాకు పోయినవి, సముద్రములు దాటినవి. వ్యాసములు విదేశభాషలలో అచ్చయినవి. గరివిడివాసులలో ఎందరికి తమ ఊరు ఒకప్పుడు ఒక ఖనిజమునకు పేరయ్యెనని తెలియును?

ఆంధ్రదేశము కొంత మేలుకొన్నదని చెప్పుట న్యాయము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1941లో భూగర్భశాస్త్రశాఖ నెలకొల్పబడినది. ఆచార్య సి. మహాదేవన్‌గారి నాయకత్వమున ఆ శాఖవారు కోడూరైటు పుట్టుకనుగూర్చియే తర్కించిరి. ఫెర్మరు దానిని భూగర్భమున కరగి గట్టిపడిన రాయి యనెను. మనవారు, నీటియడుగున పేరుకొనిన మాంగనీసు మట్టియే భూమి లోతులలో ఉడికి, కరగిన రాయి చొరబడగా నిట్లు మారినదని వాదించిరి. వాదములో నెవరు గెలిచిరనుట అటుండనిండు. తన పెరటిలోని రాతినిగూర్చి పరదేశి చెప్పినదానికి ఎదురుమాట చెప్పగల స్థితికి మనవారు వచ్చిరి. అది మాకు సంతోషము. ఆ సంతోషము విశ్వవిద్యాలయపు ప్రాకారము దాటి పఠనాలయములకు రాలేదన్నదే మా ఫిర్యాదు.

ఇక కొండమీదికి పోదము. కొత్తవలసనుండి కిరండూలుకు పోవు రైలు, ఇనుపధాతువును రేవునకు దించుటకై 1960 తరువాతి దశాబ్దమున వేయబడినది. అదే బొఱ్ఱా గుహలను దాటి అరకులోయకు మనలను చేర్చును. సొరంగముల నడుమ మార్గము కోసిన చోట్ల, కిటికీనుండి చూచువారికి, గోధుమరంగు చారలతో, ఎఱ్ఱని గోమేధికపు చుక్కలతో, మెఱయు నల్లసీసపు రేకులతో కూడిన రాయి కనబడును. దానిపేరు ఖోండలైటు. కలహండి సంస్థానపు భూగర్భమును పరిశీలించిన వాకరు అను పండితుడు, ఆ కొండలలో నివసించు ఖోండుల పేర 1902లో దానికి ఆ పేరుంచెను. విశాఖలో సముద్రమునకు ముక్కు చాచిన యారాడకొండయు, కోణార్కమునందలి సూర్యదేవాలయపు గోడలును ఆ రాయియే. దాని తోడిరాయి చార్నొకైటు. కలకత్తాలో కుంపిణీ వర్తకుడగు జాబ్ చార్నొకు సమాధిపైనున్న పలకను చూచి, 1893లో హాలండు అను నధికారి దానికి ఆ పేరుపెట్టెను. మన కొండలు ఈ రెండు రాళ్లతో కట్టబడినవి: ఒకటి వర్తకుని సమాధి పేరు మోయుచున్నది, మరియొకటి అడవిబిడ్డల పేరు మోయుచున్నది. ప్రపంచములోని భూగర్భశాస్త్ర విద్యార్థులందరు ఉచ్చరించు ఆ రెండవ పేరు తమదేనని ఆ కొండలలోని ఖోండు బాలునికి ఏ ఉపాధ్యాయుడు చెప్పెను?

వ్రాత లేనిచోట కథలే మిగులునని బొఱ్ఱా గుహలే సాక్ష్యము. భారత భూగర్భ పరిశీలనశాఖకు చెందిన యొక దొర 1807లో వానిని కనుగొనెనని పలుచోట్ల చెప్పుచుందురు, వ్రాయుచుందురు. ఆ శాఖ పుట్టినదే 1851లో! పుట్టుటకు నలువదినాలుగేండ్లు ముందుగా శాఖోద్యోగి గుహలోనికి దిగెననుట విడ్డూరము. అంతకంటె విడ్డూరము, ఆ గుహల చెంత తరతరములుగా నివసించుచున్నవారుండగా, కనుగొన్న కీర్తిని దొరకు కట్టబెట్టుట.

అరకు సంతకు వచ్చు కొండదొరలు, బగతలు, కోటియాలు, గదబలు, పోర్జాలు, ఖోండులు తమ నేలను పాదములతో నెఱుగుదురు. కొండ కమ్మరులకు ఇనుపపని కులవృత్తి. ఏ గెడ్డలో నల్లని ఇసుక పేరుకొనును, ఏ చరియ వానకు మెఱయును, ఏ రాయి కొడవలికి పదును పెట్టును అనునది మన పటములకంటె వారి జ్ఞాపకములో హెచ్చుగా నున్నది. కాని వారు రాతిని చూపుటకు భయపడుదురు. ఆ భయము మూఢత్వమని యెవరైన ననినచో మేము ఒప్పుకొనము. గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చింతపల్లి, జెఱ్ఱెల అను పేళ్లు బాక్సైటు పట్టికలకెక్కిన నాటినుండి ఆ గ్రామములవారికి కంటికి కునుకు లేదు. అనంతగిరి మండలములో నిమ్మలపాడువద్ద కాల్సైటు గనుల కొఱకు ఆదివాసులు న్యాయస్థానముల మెట్లు ఎక్కవలసివచ్చినది. రాయి చూపినవాడు కొండ పోగొట్టుకొనును అని వారు నేర్చిన పాఠము. అది మనమే నేర్పితిమి.

ఆ పోరాటమున 1997 జులైలో సర్వోన్నత న్యాయస్థానము సమత వ్యాజ్యమున ఇచ్చిన తీర్పును ప్రతి పఠనాలయమునందును చదివి వినిపింపవలసియున్నది. 1959నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ ననుసరించి, షెడ్యూలు ప్రాంతములలోని ప్రభుత్వ భూములను సైతము ఆదివాసేతరులకు, అనగా ప్రైవేటు కంపెనీలకును, గనులకై కౌలుకిచ్చుట చెల్లదని ఆ తీర్పు. ప్రభుత్వ సంస్థలును ఆదివాసుల సహకార సంఘములును మాత్రమే త్రవ్వవచ్చును. నికరలాభములో ఐదవవంతునకు తక్కువకాకుండ ఆ ప్రాంతపు అభివృద్ధికి కేటాయింపవలెను. 1996నాటి పంచాయతీల విస్తరణ చట్టము చిన్నతరహా ఖనిజముల విషయమున గ్రామసభ యొక్కగాని, తగిన పంచాయతీ యొక్కగాని సిఫారసును ముందుగా పొందవలెనని శాసించుచున్నది. చట్టము కాగితముపై నున్నంతమాత్రమున కొండ నిలువదు. కాని కాగితమే లేనిచో నిలుచుటకు కాలూను చోటును లేదు.

ఇట్టి స్థితిలో రాళ్లను సేకరింపుడని మేము ప్రోత్సహించుట, దొంగకు దారి చూపుటవలె కాదా యని మిత్రులొకరు మమ్ము ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనది. దానిని దాటవేయుట మాకు తగదు. మేము చెప్పునది ఇది: దాచుటవలన దాగు కాలము గతించినది. విమానములనుండి అయస్కాంత కొలతలు తీయుచున్నారు. ఆకాశమునుండి ఉపగ్రహములు కొండల వన్నెలను చదువుచున్నవి. కొండక్రింద నేమున్నదో రాజధానిలోని కచ్చేరికి తెలియును, వేలమునకు వచ్చు వర్తకునికి తెలియును. తెలియనిది ఆ కొండమీదివానికి మాత్రమే. బేరములో వస్తువు గుణ మెఱుగనివాడు ఎన్నడైన గెలిచెనా? గ్రామసభలో లేచి నిలిచి, మా చరియలో నున్నది ఫలానా ఖనిజము, దాని యుపయోగ మిది, దానిని త్రవ్వినచో మా ఊట యెండునని చెప్పగల యొక యువకుడున్నచో, వాని మాటకు బలము వేరు. వలదనుటకును, కావలెననుటకును, తెలిసి యనుట వేరు, తెలియక యనుట వేరు.

మచ్చు వేరు, గని వేరు. మేము కోరునది పిడికెడు రాయి. దానిని తీయుటకును మర్యాద కలదు. పొలము యజమానిని, గ్రామపెద్దలను అడుగక సుత్తె యెత్తరాదు. రిజర్వు అడవిలో అటవీశాఖ యనుమతి లేక రాయి కదల్చరాదు. నడచుచున్న గనులలోనికి అధికారుల సెలవు లేనిదే పోరాదు. మూతపడిన గోతులు మరింత ప్రమాదకరములు. వానకు నిండి, లోతు తెలియక, అంచులు కూలుచుండును. పిల్లలను ఆ దరిదాపులకు పోనీయరాదు. మాంగనీసు ధూళి చిరకాలము పీల్చినవారికి నరముల వ్యాధి కలుగును. నడక తడబడును, మాట మొద్దుబారును. అందుచేత రాయి పగులగొట్టునప్పుడు ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనవలెను. పొడిని ఇంటిలో నూరరాదు.

అన్నిటికంటె ముఖ్యము చీటీ. మెఱయు రాతిని తెచ్చి మేజాపై నుంచుకొని, ఎక్కడిదో మరచినవారు మన పట్టణములలో కొల్లలు. చీటీ లేని రాయి తలిదండ్రులు తెలియని బిడ్డవంటిది. ఎంత చక్కనిదైనను దాని వంశమును చెప్పలేము. గ్రామము, కొండ, గెడ్డ, తేది, తెచ్చినవాని పేరు, అనుమతి యిచ్చినవారి పేరు వ్రాయవలెను. రాయి తన తావుననే యున్నదా, లేక వఱదకు దొర్లి వచ్చినదా యన్నది తప్పక వ్రాయవలెను. ఇది మరచిన చీటీ మనలను వేరొక కొండకు త్రిప్పును. ప్రక్కనున్న రాయి యేదో కూడ చెప్పవలెను. వీలైనచో దాని ముక్కయు తేవలెను. ఆ ఊరివారు దానిని ఏమని పిలుతురో, కువి, గదబ, ఆదివాసి ఒరియా మున్నగు వారి భాషలలోని మాటను ఉన్నదున్నట్లు తెలుగు లిపిలో వ్రాయవలెను. ఇంతవరకు ఏ దొరయు ఈ పని సరిగా చేయలేదు, చేయగలవారము మనమే. మచ్చు రెండు ముక్కలుగా నుండవలెను. ఒకటి పరీక్షకు పోవునది, రెండవది ఆ గ్రామపు బడిలోనే యుండునది. రెండవ ముక్క నిచ్చివేయుమని యెవరడిగినను ఇవ్వరాదు.

స్ఫటికములు కట్టిన అందమైన ముక్కలను వర్తకులు కొనిపోవుదురు. వానిని విరివిగా పగులగొట్టుట వలదు. ధనమున కాశపడి ఒక గుహలోని సున్నపు స్తంభమును విరిచినచో, అది మరల పెరుగుటకు మన మనుమల మనుమలకును ఆయువు చాలదు. బొఱ్ఱా గుహలనుండి మచ్చు తేవలెనని ఎవరును తలపెట్టరాదని ప్రత్యేకముగా హెచ్చరించుచున్నాము.

విజయనగరము, విశాఖపట్టణము, పార్వతీపురము, పాడేరులలోని పఠనాలయముల కార్యదర్శులను మేము అడుగుచున్నాము: మీ యొద్ద పుస్తకములకు పది బీరువాలున్నచో, రాళ్లకు ఒక్క అర యున్నదా? దాని కయ్యెడు ఖర్చు అత్యల్పము. గాజుతలుపు గల యొక చిన్న పెట్టె, ఒక అయస్కాంతము, పింగాణి పెంకు, త్రాసు, నోటుపుస్తకము. నెలకొకమారు కళాశాలలోని భూగర్భశాస్త్రోపాధ్యాయుని పిలిచి తెలుగులో మాటలాడుమని కోరవలెను. తెలుగులో ననుటను నొక్కి చెప్పుచున్నాము. రాయి తెలుగునేలలో పుట్టి, దాని పరిచయము మాత్రము పరభాషలో జరుగవలసిన యక్కఱ లేదు. అరకులోని గిరిజన ప్రదర్శనశాలలో వారి వాద్యములను, ఆభరణములను చూచి మెచ్చుకొని వచ్చువారు ఏటేట వేలకొలది గలరు. ఆ గదుల ప్రక్కనే, ఖోండుల పేరుగల రాతికి ఒక పీఠము వేయించుట ఆ శాలాధికారులకు కష్టము కాదనుకొందుము.

విజయనగరపు అరలో మొదటి రాయిగా గరివిడినుండి, యజమాని సెలవుతో తెచ్చిన మాంగనీసు ముక్క యుండవలెనని మా కోరిక. అది వ్రెడెన్‌బర్గైటు కావచ్చును, కాకపోవచ్చును, పరీక్షించి వ్రాయవలెను. అయినచో చీటీపై పాతపేరును, దాని క్రింద జాకబ్సైటు, హౌస్మనైటుల అల్లిక యను నిజమును, రెండింటిని వ్రాయవలెను. ఖాళీ చీటీల నమూనా నొకదానిని వచ్చే సంచికతో కలిపి అచ్చొత్తించి పంపుచున్నాము. అరకులోయ, పాడేరు కళాశాలల విద్యార్థులు విడిగా కోరినచో వారికి నూరేసి చీటీలు మా ఖర్చుపై పంపెదము. జాబు వ్రాయువారు తమ గ్రామము పేరును స్పష్టముగా వ్రాయ ప్రార్థన.